తూకం వేసే ముందు ఒక్కసారి కడిగి చూడండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెల మా బడిలో నాతో పనిచేసే సారు ఒకరు, వాళ్ళ నాన్నగారు ముప్ఫై ఏళ్ళు తొక్కిన రాలీ సైకిల్‌ను ఇనుప సామాన్ల ఆటోకు వేసేశారు. ఇరవై కిలోలు తూగిందట. కిలోకు పాతిక చొప్పున ఐదు వందలు ఇచ్చి పోయాడట ఆటో అతను. స్టాఫ్‌రూములో ఆ మాట విన్నాక నాకు చాయ్ గొంతు దిగలేదు. ఆ రాలీ ఆసన్‌సోల్‌లో సేన్-రాలీ కంపెనీ చేసింది. ఆ కార్ఖానా మూతపడి చాలా ఏళ్ళయింది. సారుకు ఐదు వందల అవసరం లేదు. ఇంట్లో అడ్డంగా ఉందని వేసేశారు, అంతే. ఆ రోజు నుంచి ఈ ఉత్తరం రాయాలనుకుంటూనే ఉన్నాను.

మా సొంతూరు అచ్చంపేట. మా నాయిన అక్కడ సైకిల్ ట్యాక్సీ నడిపేవాడు. ఈ కాలం పిల్లలకు ఆ మాట అర్థం కాదు. సైకిళ్ళు గంటకు ఇంత అని కిరాయికి ఇచ్చే షాపును మా దిక్కు అలాగే అనేవాళ్ళు. పద్నాలుగు సైకిళ్ళు, ఒక్కోదాని మడ్‌గార్డు మీద తెల్ల రంగుతో నంబరు. సంక్రాంతికి ఉమామహేశ్వరం జాతర వచ్చిందంటే పద్నాలుగూ తెల్లారకముందే బయలెల్లిపోయేవి. బడి నుంచి రాగానే నా పని బేరింగు గుండ్లు డీజిల్‌లో కడగడం, పంచర్ల దగ్గర నీళ్ళ గంగాళం పట్టుకోవడం. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి రిమ్ము బెండు తీయడం వచ్చింది. ఆడపిల్లకు ఈ పని ఎందుకని ఎవరైనా అంటే నాయిన జవాబు చెప్పకుండా పానా నా చేతికిచ్చేవాడు.

ఆ షాపు వెనక గోడకు ఎప్పుడూ ఒక నీలం సైకిల్ వేలాడుతుండేది. స్టాండు లేదు, క్యారేజి లేదు, మడ్‌గార్డులు లేవు. హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉండేది. కిరాయికి పనికి రాదు, దాని టైర్లు ఎక్కడా దొరకవు. అందుకే నాయిన దాన్ని మేకుకు తగిలించాడు. ఈగలపెంటలో శ్రీశైలం ఎడమగట్టు విద్యుత్ కేంద్రం జపాన్ రుణంతో కట్టారని మీ పాఠకుల్లో చాలామందికి గుర్తుంటుంది. ఆ పనుల కాలంలో వచ్చిన ఒక జపాన్ ఇంజినీరు ఈ సైకిల్ తెచ్చుకున్నాడనీ, తిరిగి పోతూ జీపు డ్రైవరుకు ఇచ్చాడనీ, డ్రైవరు దాన్ని మన్ననూరు ఘాటు మీదుగా తెచ్చి తనకు అమ్మాడనీ నాయిన చెప్పేవాడు.

2019లో నాయిన పోయాడు. 2023 ఎండాకాలంలో మా అన్న షాపు ఖాళీ చేయించాడు. నేను మహబూబ్‌నగర్ నుంచి పోయేసరికి ఇనుప సామాన్ల ఆటో వాకిట్లోనే ఉంది. అట్లాసులు, హీరోలు అన్నీ తూకం అయిపోయాయి. నీలం సైకిల్ కాటాకు తగిలించి ఉంది. "దీంట్ల ఇనుమే లేదమ్మా, పదకొండు కిలోలు. రెండు వందల డెబ్బై ఐదు" అన్నాడు అతను. అతని లెక్కలో మోసం లేదు. కానీ ఆ మాటే నా మనసులో నాటుకుంది. సైకిల్ అంత తేలికగా ఉండటానికి జపాన్‌లో ఎవరో ఎంతో కష్టపడ్డారు. దాని గొప్పతనమంతా ఆ తేలికలోనే ఉంది. తక్కెడ దగ్గరికి వచ్చేసరికి ఆ తేలికే దాని ధర తగ్గించింది. రెండు వందల డెబ్బై ఐదు నేనే అన్న చేతిలో పెట్టి సైకిల్‌ను బస్సు మీద వేసుకొచ్చాను.

ముందు మెత్తటి గుడ్డ, సబ్బు నీళ్ళతో కడిగాను. పాతికేళ్ళ దుమ్ము, బల్లి రెట్టలు పోయేసరికి ముందు గొట్టం మీద మియాటా అన్న బిళ్ళ కనిపించింది. ఈ మియాటా తుపాకుల కార్ఖానాగా మొదలై 1890లో సైకిల్ చేసిన కంపెనీ. గొట్టాల పని వాళ్ళకు సైకిల్ కన్నా ముందే తెలుసన్నమాట. బ్రేకులు, గేర్లు షిమానోవి. ఆ కంపెనీ 1921లో సకాయి అనే ఊళ్ళో ఫ్రీవీల్ తయారీతో మొదలైంది. కత్తులకు, తుపాకులకు తరతరాలుగా పేరున్న ఊరది.

వెనక గేరు మార్చే డిరైలర్‌ను విప్పి వీపు తుడిస్తే రెండు చిన్న ఇంగ్లీషు అక్షరాలు బయటపడ్డాయి: జి, ఇ. షిమానో వాళ్ళు అప్పట్లో సామాను చేసిన ఏడాదినీ నెలనూ ఇలా రెండక్షరాల్లో కొట్టేవారు. మొదటి అక్షరం ఏడాది, 1976కు ఎ అనుకుని లెక్కపెట్టుకుంటూ రావాలి. రెండోది నెల, జనవరికి ఎ. అంటే నా సైకిల్ సామాను 1982 మే నెలలో తయారైంది. బ్రేకు పిడుల అక్షరాలూ ఆ ఏడాదివే. ఇలా అన్నీ ఒకే కాలానికి చెందితే సైకిల్ కార్ఖానా నుంచి వచ్చినట్టే ఉందని, మధ్యలో ఎవరూ సామాను మార్చలేదని నమ్మవచ్చు. పాత సైకిల్‌కు ధర కట్టేవాళ్ళు మొదట చూసేది ఇదే.

ఆ డిరైలర్ మీద సన్నటి లత చెక్కి ఉంది. షిమానో 600 అనే రకం అది. పెడల్ కర్రల మీద, బ్రేకుల మీద కూడా అదే తీగ. తుడుస్తూ ఉంటే నాకు మా అమ్మ గద్వాల చీర అంచు గుర్తొచ్చింది. గేరు మార్చే చిన్న లోహపు ముక్క మీద, బురద పడే చోట, ఇంత ఓపికగా తీగ ఎందుకు చెక్కారో అని చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను.

ఇక ఫ్రేము సంగతి. మామూలు ఉక్కుకు క్రోమియం, మాలిబ్డినం కలిపిన గొట్టాలు ఇవి. వీటి గోడలు అంతటా ఒకే మందం ఉండవు. అతుకు వచ్చే చివర్ల దగ్గర మందం ఒక మిల్లీమీటరుకు కొంచెం తక్కువ, నడుమ అర మిల్లీమీటరుకు కొంచెం ఎక్కువ. ఎక్కడ బలం కావాలో అక్కడే ఉక్కు ఉంచి మిగతా చోట తీసేశారు. ఇది కంటికి కనిపించదు, చెవికి తెలుస్తుంది. గొట్టాన్ని చివర్లో గోటితో కొట్టండి, మొద్దుగా పలుకుతుంది. కొడుతూ నడుముకు రండి, కంచు గిన్నెలా మోగుతుంది. మన అట్లాసు గొట్టం ఎక్కడ కొట్టినా ఒకటే పలుకు. అది బస్తాలు మోయడానికి పుట్టింది. దేని పని దానిది, ఏదీ తక్కువ కాదు.

గొట్టాలు కలిసే మూలల్లో లగ్గులు అనే తొడుగులు ఉంటాయి. వాటిలో గొట్టం దూర్చి ఇత్తడితోనో వెండి కలిసిన లోహంతోనో అతుకుతారు. ఉక్కు కరగదు, ఇత్తడే కరిగి సందులోకి పాకుతుంది. అందుకే ఇలాంటి ఫ్రేములో ఒక గొట్టం పాడైతే దాన్ని ఊడదీసి కొత్తది వేయగలరు, చేసే చేయి దొరికితే.

రిపేరులో నాకు చుక్కలు చూపించింది సీటు పిల్లర్. పిల్లర్ అల్యూమినియం, గొట్టం ఉక్కు. ఈ రెండు లోహాలు ఏళ్ళ తరబడి చెమ్మలో కలిసి ఉంటే మధ్యలో తుప్పు పెరిగి రెండూ ఒకటై కూర్చుంటాయి. గ్యాస్‌తో కాలుద్దామని ఒక షాపులో అన్నారు. రంగు మాడిపోతుందని వద్దన్నాను. సైకిల్‌ను తలకిందులు చేసి రోజూ పొద్దున, రాత్రి నాలుగు చుక్కలు తుప్పు వదిలించే నూనె పోశాను. ఎనిమిది రోజులు కదల్లేదు. తొమ్మిదో రోజు పాత సీటునే పట్టుకుని నేనూ మా ఆయనా చెరోవైపు మెలితిప్పితే కర్రుమని శబ్దం చేసి వెంట్రుకవాసి జరిగింది. ఆ శబ్దానికి నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

పెడల్ ఇరుసు కప్పుల దగ్గర మాత్రం నష్టం జరిగింది. నా దగ్గర పెద్ద పానా లేక ఒక షాపుకు తీసుకుపోయాను. అక్కడి కుర్రాడు చైన్ వైపు కప్పును అందరిలాగే ఎడమకు తిప్పాడు. రాలేదని ఉలి పెట్టి సుత్తెతో కొట్టాడు. చైన్ వైపు కప్పుది ఉల్టా మర. విప్పాలంటే కుడికి తిప్పాలి. పెడల్ తొక్కుతుంటే దానంతటది వదులు కాకుండా ఉండాలని అలా చేస్తారు. నేను చూసి ఆపేసరికి కప్పు అంచు మీద రెండు గాట్లు పడ్డాయి, ఇప్పటికీ ఉన్నాయి. కుర్రాడిని తప్పుపట్టలేను. వాడికి చెప్పినవాళ్ళు లేరు. లోపల గుండ్లు మాత్రం పావు అంగుళంవి, పక్కకు పదకొండు. మన ఊరి షాపులో దొరికినవే సరిపోయాయి.

తుప్పు పట్టిన చిన్న నట్లు, బోల్టులు నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో రాత్రంతా నానబెట్టాను. తెల్లారి తినే సోడా నీళ్ళలో ముంచి, తుడిచి, వెంటనే నూనె రాశాను. వెంటనే రాయకపోతే గంటలో మళ్ళీ ఎర్రబారతాయి. క్రోమ్ మెరుగు పూసిన భాగాలకు అన్నం డబ్బాలకు చుట్టే అల్యూమినియం కాగితాన్ని ఉండచుట్టి, నీళ్ళు తడిపి రుద్దితే చాలు. ఇసుక కాగితం దగ్గరికి కూడా రానీయకండి.

టైర్ల కథ వేరు. నా సైకిల్‌వి 27 అంగుళాల చక్రాలు. షాపులో అడిగితే 28 టైరు చేతిలో పెట్టి, ఒక అంగుళమే కదా, లాగితే పడుతుందన్నారు. అంగుళాల పేర్లు నమ్మకూడదు. 27 చక్రంలో టైరు కూర్చునే చోటు అడ్డం 630 మిల్లీమీటర్లు. మన 28 సైకిల్‌ది 635. ఇప్పటి రేసు సైకిళ్ళకు వేసే 700 నంబరు టైరుది 622. పేరు ఏదైనా ఒకటి ఇంకోదానికి పట్టదు. 27 టైర్లు మన దిక్కు దొరకవు. అందుకని పాత ఇరుసులు అలాగే ఉంచి, 622 కొలత కొత్త రిమ్ములు తెప్పించి, నాయిన స్టాండు మీద నేనే 72 స్పోకులు అల్లుకున్నాను. చక్రం చిన్నదైంది కాబట్టి బ్రేకు గుటకలు, అంటే రిమ్మును పట్టే రబ్బరు ముక్కలు, నాలుగు మిల్లీమీటర్లు కిందికి దించాల్సి వచ్చింది, 630కి 622కి తేడాలో సగం. ఈ బ్రేకుల్లో అంత జాగా ఉంది, సరిపోయింది. పాత రిమ్ములను పారేయలేదు, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాను. రేపు ఎవరైనా దీన్ని పాత రూపంలోకి తేవాలంటే కావాలి కదా.

రంగు జోలికి పోలేదు. దీని వెనక ఒక బాధ ఉంది. 2005లో నాయిన సొంత అట్లాసుకు నేను ప్రేమకొద్దీ కొత్త రంగు కొట్టించాను. నిగనిగలాడుతూ వచ్చింది. కానీ భూగోళం మోసే మనిషి బొమ్మ పోయింది, మడ్‌గార్డు మీద చేత్తో గీసిన బంగారు గీతలు పోయాయి. నాయిన ఏమీ అనలేదు. గీత ఉండే చోట వేలితో ఒకసారి రాసి లోపలికి పోయాడు. ఆ బొమ్మ మళ్ళీ ఎక్కడ తేను? అట్లాసు వాళ్ళ సాహిబాబాద్ కార్ఖానా 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినం నాడే ఆగిపోయింది. రంగు గీరుకుపోయి ఉన్నా అసలు రంగే సైకిల్‌కు గుర్తింపు కాగితం. పైగా ఇంత పలుచని గొట్టాలను ఇసుక కొట్టి గీకిస్తే గోడ ఇంకా పలచబడే ప్రమాదం ఉంది. పాత రంగు మీద కొంచెం మైనం రాసి మెత్తగా తుడిస్తే చాలు.

ధర సంగతి కూడా నిజాయితీగా చెప్పాలి, ఎందుకంటే రెండు వైపులా తప్పు మాటలు వింటున్నాను. ఒకరేమో తుక్కు అంటారు, ఇంకొకరు లక్షలు పలుకుతుందంటారు. రెండూ కావు. జపాన్‌లో కైరిన్ అనే సైకిల్ పందేలున్నాయి, 1948లో కోకురాలో మొదలయ్యాయి. వాటి కోసం పనివాళ్ళు ఒక్కొక్కటిగా చేతితో చేసే ఫ్రేముల లెక్క వేరు. నాది కార్ఖానాలో వరుసగా చేసినది. అయినా దానికో విలువ ఎందుకుందంటే, అది తయారైన ఆ కాలంలో జపాన్ వాళ్ళు మామూలు మనిషి కొనుక్కునే సైకిల్‌కు కూడా మంచి గొట్టం, తిన్నటి అతుకు పెట్టారు. తర్వాత 1985 సెప్టెంబరులో న్యూయార్క్ ప్లాజా హోటల్లో జరిగిన ఒప్పందంతో డాలరు పడింది. 240 యెన్ల దగ్గర ఉన్నది రెండేళ్ళు దాటేసరికి దాదాపు సగమైంది. జపాన్ సైకిళ్ళు బయటి దేశాల్లో పిరమైపోయి, ఆ పని చాలావరకు తైవాన్‌కు పోయింది. అలాంటి ధరకు అలాంటి పనితనం మళ్ళీ రాలేదు.

నాకు అయిన ఖర్చు ఇది: రిమ్ములు 3,200, స్పోకులు 1,100, టైర్లు ట్యూబులు 2,400, వైర్లు, బ్రేకు గుటకలు 900, చైన్ 650, గుండ్లు, గ్రీసు 250, హ్యాండిల్ పట్టీ 400. మొత్తం 8,900. నా చేతి పని లెక్కలో లేదు. సైకిల్ తొక్కే హైదరాబాద్ అబ్బాయి ఒకరు వచ్చి గంటసేపు చూసి ఇరవై వేలు ఇస్తానన్నాడు. అది న్యాయమైన ధరే. అమ్మలేదు గానీ న్యాయమే. చూడగానే ధర చెప్పకుండా ముందు దారం అడిగినందుకు అతని మీద నాకు గౌరవం కలిగింది. వెనక చక్రం కూర్చునే చోట ఒక పక్క దారం కట్టి, ముందు గొట్టం చుట్టూ తిప్పి, రెండో పక్కకు లాగి కట్టాడు. సీటు గొట్టానికీ దారానికీ మధ్య ఎడం రెండు వైపులా సమానంగా ఉంటే ఫ్రేము వంకర పోలేదన్నట్టు. తర్వాత కింది గొట్టం ముందు గొట్టాన్ని కలిసే చోట వేలు పెట్టి తడిమాడు. ఎదురుగా గుద్దుకున్న సైకిల్‌కు అక్కడ ముడతలు పడతాయి, రంగు చిట్లుతుంది. అది ఉంటే పైన ఎంత మెరిసినా ధర లేదు. ఇంజినీరు కథ కూడా చెప్పాను. "మేడమ్, కాగితమో ఫోటోనో ఉంటే దానికి లెక్క ఉంటుంది, లేకపోతే కథకు ధర కట్టలేం" అన్నాడు. నాకు మనసు చివుక్కుమన్నా అతను చెప్పింది సబబే.

ఇప్పుడు ఆదివారం తెల్లవారుజామున పిల్లలమర్రి దాకా దీని మీదే పోతున్నాను. గేరు మీటలు కింది గొట్టం మీద ఉంటాయి. ఇప్పటి సైకిళ్ళలా టక్కుమని ఆగవు, చేత్తో కొంచెం కొంచెం జరుపుతూ చైన్ గరగర ఎక్కడ ఆగుతుందో చెవితో పట్టుకోవాలి. మా బడిలో ఎనిమిదో తరగతి ఆడపిల్లలు నలుగురు శనివారం సాయంత్రం దీని దగ్గరికి వస్తారు. ఉల్టా మర సంగతి వాళ్ళకు మొదటి రోజే చెప్పాను.

మీ పత్రికను కోరేది ఒక్కటే. మా జిల్లా పేజీలో చిన్న పెట్టె కట్టి అయినా ఈ మాట వేయండి: మూలన పడ్డ పాత సైకిల్‌ను, అది జపాన్‌దైనా, ఆసన్‌సోల్‌దైనా, కాటాకు తగిలించే ముందు ఒక్కసారి కడగండి. బిళ్ళ మీద పేరు, సామాన్ల వెనక అక్షరాలు చూడండి. గొట్టాన్ని గోటితో కొట్టి వినండి. సైకిల్ పని తెలిసిన పెద్దాయన ఊళ్ళో ఇంకా ఉంటే ఆయనకు చూపించండి. అప్పటికీ అమ్మాలనిపిస్తే అమ్ముకోండి, తొక్కేవాళ్ళకు అమ్మండి. రంగు మాత్రం కొట్టించకండి.

ఇంకొక విన్నపం. 1990ల్లో ఈగలపెంటలో, దోమలపెంటలో పనిచేసినవాళ్ళు, అక్కడ జీపులు నడిపినవాళ్ళు మీ పాఠకుల్లో తప్పక ఉంటారు. వంగిన హ్యాండిల్ ఉన్న నీలం సైకిల్ మీద తిరిగిన జపాన్ ఇంజినీరు ఎవరికైనా గుర్తున్నాడా? క్యాంపులో తీసిన గ్రూపు ఫోటోలో ఏ మూలనైనా ఆ సైకిల్ పడిందా? ఉంటే దయచేసి మీ పత్రికకు రాయండి. చెయిన్ వైపు పెడల్ కర్ర మీద, తీగ చెక్కిన చోట, అడ్డంగా ఒక పాత గీత ఉంటుంది. అది నేను చేసింది కాదు, నాయిన చేతికి రాకముందే పడిందట.

ఇట్లు,
ఒక ప్రభుత్వ ఉపాధ్యాయురాలు,
మహబూబ్‌నగర్